హస్తినాపురి కింది రాయి: కొండ ఏదో తేల్చేదెవరు?

ఢిల్లీలో కొలతలకు కొదవ లేదు. ఎవరి బంగళా ఏ వీధిలో ఉన్నది, ఎవరి గది మంత్రిగారి గదికి ఎన్ని అడుగుల దూరాన ఉన్నది, ఎవరి కారు గేటు దాటి ఎంతవరకు పోగలదు అన్నవాటినిబట్టి మనిషి ఎత్తు నిర్ణయమయ్యే నగరమిది. ఇటువంటి నగరంలో 2025 చలికాలంలో ఒక కొత్త కొలతను గురించి వాదం చెలరేగింది. కొండ అంటే ఏమిటి? ఎంత ఎత్తు ఉంటే దానిని కొండ అనవలె?

వ్యవహారం పాఠకులకు విదితమే. కేంద్ర పర్యావరణ శాఖ ఆధ్వర్యాన ఏర్పడిన సంఘం చేసిన సిఫారసును అంగీకరిస్తూ 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు ఒక నిర్వచనం ఇచ్చింది. చుట్టుపక్కల నేల మట్టానికి 100 మీటర్లు గాని, అంతకు మించి గాని లేచిన భూభాగమే గనుల తవ్వకం నిమిత్తం ఆరావళి కొండ అన్నది దాని సారాంశం. అటువంటి కొండలు రెండు గాని, ఎక్కువ గాని ఒకదాని కొకటి 500 మీటర్ల లోపున ఉంటే అది ఆరావళి శ్రేణి. శాస్త్రీయమైన నిర్వహణ ప్రణాళిక తయారయ్యేదాకా కొత్త గనుల లీజులు ఇవ్వరాదని కూడా ఆ ఉత్తర్వులోనే ఉన్నది. అయినా రాజస్థాన్, హర్యానా, ఢిల్లీలలో ఆందోళన రేగింది. డిసెంబరు 29న సుప్రీంకోర్టు తనంత తానుగా విషయాన్ని మళ్ళీ చేపట్టి, ఆ నిర్వచనం అమలును నిలిపివేసింది. నిపుణులచేత తిరిగి పరిశీలింపజేయాలన్నది.

ఇందులోని న్యాయ మీమాంసను న్యాయవాదులకు వదలివేద్దాము. నాకు విచిత్రమనిపించిన సంగతి వేరొకటి. అటు సమర్థించినవారిలోను, ఇటు వ్యతిరేకించినవారిలోను ఆరావళిని చేత్తో తాకి చూచినవారు బహు తక్కువ. ఆ పర్వతం తోక ఈ నగరం గుండా పోతున్నది. రాష్ట్రపతి భవనం కూర్చున్నది దాని మీదనే. ఎందరో జనం రోజూ దాని మీదుగా ఆఫీసులకు పోయి వస్తున్నారు. వారికి దాని పేరు ‘రిడ్జి’ అని మాత్రం తెలుసు. అది ఏ రాయో, ఎందుకు అక్కడ ఉన్నదో తెలియదు.

తెలియజెప్పే ప్రయత్నాలు లేకపోలేదు. కళాశాలల భూవిజ్ఞాన అధ్యాపకులు విద్యార్థులను రిడ్జి మీదికి తీసుకుపోవడం ఇక్కడ పాత ఆనవాయితీ. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఉత్తర రిడ్జి పాదాన ఉన్నది. జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమైతే ఆరావళి బండల మీదనే వెలసింది. ఇటీవలి సంవత్సరాలలో ఈ నడకలు విద్యార్థులతో ఆగక, చుట్టుపక్కల కాలనీవాసులకు, బడిపిల్లలకు కూడా విస్తరించినవి. ఆరావళి వాదం ముమ్మరంగా సాగుతున్న రోజులలో ఒక ఆదివారం ఉదయం దక్షిణ ఢిల్లీలో అటువంటి నడక ఒకదానికి నేనూ వెళ్ళాను. ముప్ఫయి మంది దాకా వచ్చారు. సగం విద్యార్థులు. మిగిలినవారిలో పదవీ విరమణ చేసిన ఉద్యోగులు, గృహిణులు, ఒక మునిసిపల్ బడి పంతులు, ఆయన వెంట ఎనమండుగురు పిల్లలు ఉన్నారు. నడిపించినది ఒక అధ్యాపకురాలు.

ఆమె చేసిన మొదటి పని సంచిలోని సుత్తిని అందరికీ చూపి, తిరిగి సంచిలోనే పెట్టివేయడం. రిడ్జి సంరక్షిత అరణ్యం. అక్కడ రాయి పగలగొట్టే అధికారం ఎవరికీ లేదు. రెండవ పని ప్రసంగం చేయకపోవడం. ఎదురుగా ఉన్న బండ మీద మేకుతో గీయమన్నారు. గీత రాయి మీద పడలేదు. మేకు అరిగి దాని ఇనుము రాయి మీద నల్లని చారగా మిగిలింది. అంటే ఇది ఇనుము కంటె గట్టిది. తరువాత ఒక పిల్లవాడిచేత సీసాలోని నీళ్ళు బండ మీద పోయించారు. నీళ్ళు నున్నని చోట జారి, పగులు కనిపించిన చోట లోపలికి ఇంకిపోయాయి. ఆ నీళ్ళు ఎక్కడికి పోయినట్లు అని ఆమె అడిగారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. వెనుక వరుసలో ఉన్న గృహిణి ఒకామె, మా బోరులోకి అన్నది. అందరూ నవ్వారు గాని, ఆనాటి పాఠమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

ఆ రాయిని శాస్త్రజ్ఞులు క్వార్ట్జైట్ అంటారు. మన పలుగురాయికి దగ్గరి చుట్టము. ఒకప్పుడు లోతు తక్కువైన సముద్రంలో పేరుకున్న ఇసుక ఇసుకరాయిగా గట్టిపడి, ఆ తరువాత భూమి లోపలి ఒత్తిడికి, వేడికి లోనై ఇసుక రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోగా తయారైనది. దీని వయస్సు 100 కోట్ల సంవత్సరాలకు పైమాట. అప్పటికి భూమి మీద చెట్టు లేదు, చేప లేదు. కాని అలలున్నాయి. కొన్ని పలకల మీద ఆ అలలు ఇసుకలో వేసిన ముడతలు ఇప్పటికీ చూడవచ్చును. విశాఖ బీచిలో సముద్రం వెనక్కు తగ్గినప్పుడు తడి ఇసుక మీద కనిపించే ముడతలే అవి. మునిసిపల్ బడి పిల్లవాడొకడు ఆ ముడతల మీద వేళ్ళు పెట్టి, అయితే ఢిల్లీలో సముద్రముండేదా అని అడిగాడు. ఈ ప్రశ్న పాఠ్యపుస్తకం చదివినవాడు అడిగేది కాదు. రాయిని ముట్టుకున్నవాడు అడిగేది.

ఈ నగరపు చరిత్రకు ఆ రాయే పునాది. రిడ్జి దక్షిణపు అంచున, హర్యానాలోని అనంగ్‌పూర్ ప్రాంతంలో ప్రాచీన శిలాయుగపు మానవుడు తన పనిముట్లు ఈ రాతితోనే చెక్కుకున్నాడు. లాల్‌కోట గోడలు, 1320లలో కట్టిన తుగ్లకాబాదు కోట గోడలు ఈ రాతివే. షాజహాను జామా మసీదును ఒక చిన్న ఆరావళి గుట్ట మీద కట్టించాడు. చుట్టూ ఇళ్ళు కమ్మివేయగా గుట్ట మరుగైపోయింది గాని, మెట్లెక్కే భక్తుడు ఆ గుట్టనే ఎక్కుతున్నాడు. పహాడ్‌గంజ్, పహాడీ ధీరజ్, ఆనంద్ పర్బత్ అన్న పేట పేర్లు కొండలు పోయిన తరువాత మిగిలిన సాక్ష్యాలు. ఆంగ్లేయులు రాజధానిని కలకత్తా నుండి ఇక్కడికి తరలించినప్పుడు రైసినా గుట్ట నెత్తిని పేల్చి చదును చేసి వైస్రాయి భవనం కట్టారు. భవనపు ఎర్రరాయి మాత్రం స్థానికం కాదు. ధోల్‌పూర్ వైపు నుండి వచ్చిన వింధ్య ఇసుకరాయి అది. కొండను పగలగొట్టి, పై మెరుగును మరొక చోట నుండి తెచ్చుకోవడం ఢిల్లీ పరిపాలనకు కొత్త అలవాటు కాదని ఎవరైనా అంటే కాదనలేము.

స్వతంత్ర భారతంలో ఆ పగలగొట్టడం మరింత పెరిగింది. ఢిల్లీ మేస్త్రీలు ‘బాదర్‌పూర్’ అని పిలిచే గరుకు ఇసుక, శిథిలమైన క్వార్ట్జైట్ నుండి తీసినదే. నగరం నాలుగు దిక్కులా పెరిగిన దశాబ్దాలలో ఇళ్ళ గోడలకు, నేలలకు దానిని వాడారు. దక్షిణపు కొసన ఉన్న భాటీ గనులు ఆ ఇసుకకు పేరుపొందినవి. అక్కడ పలుగు పట్టినవారిలో ఎక్కువమంది ఓడ్ కులస్థులు. దేశ విభజన తరువాత ఇప్పటి పాకిస్తాన్ భూభాగం నుండి వలస వచ్చినవారు. తరతరాలుగా మట్టిపని, రాతిపని వారి వృత్తి. ఆ పేరు వినగానే మన ఒడ్డెరలు గుర్తుకు రాక మానరు. 1990 దశకం ఆరంభానికి భాటీ తవ్వకాలు నిలిచిపోయి, ఆ ప్రాంతం అసోలా-భాటీ వన్యమృగ శరణాలయంలో కలిసింది. గనుల గోతులలో నీరు నిలిచి నీలి మడుగులైనవి. పక్షులను, సీతాకోకచిలుకలను చూపే నడకలు ఇప్పుడక్కడ జరుగుతున్నాయి. చెట్టు తిరిగి మొలిచింది, సంతోషమే. కాని గని మూతపడగానే కూలివాని బతుకు ప్రశ్నార్థకమైంది. శరణాలయం లోపలనున్న వారి ఊరిని తరలించాలన్న మాట 1990ల నుండి వారి నెత్తి మీద వేలాడుతూనే ఉన్నది. నగరానికి ఇసుక కావలసినప్పుడు వారు శ్రామికులు. నగరానికి అడవి కావలసినప్పుడు వారు ఆక్రమణదారులు!

మా నడకలో అటువంటి పెద్దాయన ఒకరు కలిశారు. దారి పక్కన కూర్చుని ఉండి, గుంపును చూచి తానే లేచి వచ్చాడు. బండ మీద సుత్తి ఏ వైపు నుండి వేస్తే అది పలకగా విడిపోతుందో, ఏ వైపు నుండి వేస్తే ముక్కలవుతుందో చేయి ఆనించి చెప్పాడు. అధ్యాపకురాలు తన పాఠం ఆపి విన్నారు. ఆయన చెప్పిన గీతే పూర్వపు ఇసుక పొరల సరిహద్దు అని ఆమె ఆ తరువాత విద్యార్థులకు వివరించారు. ఆయన దానికి తన పనివారి భాషలో ఒక పేరు చెప్పాడు. విద్యార్థులు దానిని పుస్తకాలలో రాసుకున్నారు. విశ్వవిద్యాలయం నుండి పట్టా పుచ్చుకున్నవారు, పలుగు నుండి విద్య నేర్చుకున్నవారు ఒకే బండ ముందు నిలబడి మాట్లాడుకోగల సందర్భాలు మన దేశంలో ఎన్ని ఉన్నవి?

నడక ముగిసే వేళకు ప్రశ్నలు రాయిని దాటి ఇళ్ళ దాకా వచ్చాయి. 2025 ఫిబ్రవరి 17 తెల్లవారుజామున ఢిల్లీని కుదిపిన భూకంపం ఎవరికీ మరపు రాలేదు. తీవ్రత 4.0 మాత్రమే. కాని కేంద్రం నగరం నడిబొడ్డున, ధౌలాకువా దగ్గర, భూమికి అయిదు కిలోమీటర్ల లోతులో ఉండటంచేత జనం మంచాల మీద నుండి లేచి వీధులలోకి పరుగెత్తారు. మా అపార్టుమెంటుకు ప్రమాదమా అని ఒక విశ్రాంత ఉద్యోగి అడిగారు. భవనం ఎలా కట్టారో తెలియకుండా ఆ మాట చెప్పలేనని అధ్యాపకురాలు అన్నారు. చెప్పగలిగినది మాత్రం చెప్పారు. రిడ్జి మీద గట్టి రాయి పైకే ఉన్నది. యమున దాటిన తూర్పు పేటలలో రాయి ఎంతో లోతున, ఒండ్రు కింద ఉన్నది. మెత్తని ఒండ్రు భూకంపపు ఊపును పెంచుతుంది. నీరు పట్టిన ఇసుక నేల కొన్నిసార్లు గట్టితనం కోల్పోయి ద్రవంలా ప్రవర్తిస్తుంది. కనుక ఒకే భూకంపం ఒకే నగరంలో రెండు పేటలను రెండు విధాల కుదుపుతుంది. ఇల్లు కొనేవాడు బ్యాంకు వడ్డీ ఎంత అని నాలుగుచోట్ల వాకబు చేస్తాడు. నేల ఏదని ఒక్కచోటైనా అడగడు. అడగవచ్చునన్న సంగతి ఆ ఉదయం ముప్ఫయి మందికి తెలిసింది.

మరొక విద్యార్థి, ఆరావళి పోతే థార్ ఎడారి ఢిల్లీకి వస్తుంది గదా అన్నాడు. ఊరేగింపులలో వినవచ్చే నినాదమది. ఆమె తల ఊపి ఊరుకోవచ్చును, ఊరుకోలేదు. ఆరావళి ఎడతెగని గోడ కాదు, దానిలో ఖాళీలున్నవి, వాటి గుండా ఇసుక వేల సంవత్సరాలుగా వస్తూనే ఉన్నది అని ముందు చెప్పారు. ఆ తరువాత, కొండల పడమటి వాలులలో గాలి తెచ్చి పోసిన ఇసుక మేటలను చూస్తే అవి గాలిని ఎంతవరకు నిలదీస్తున్నవో తెలుస్తుందన్నారు. నినాదంలో ఉన్న నిజాన్ని నిలిపి అతిశయోక్తిని తీసివేయడమన్న మాట. ఇటువంటి శిక్షణ పొందిన పౌరుని ప్రభుత్వ ప్రకటనా సులభంగా మోసగించలేదు, ప్రతిపక్ష ప్రకటనా మోసగించలేదు.

ఇక 100 మీటర్ల సంగతి. పాలనకు ఒక గీత కావలె అన్న వాదంలో బలం లేకపోలేదు. నాలుగు రాష్ట్రాలలో విస్తరించిన పర్వతశ్రేణికి నాలుగు రకాల నిర్వచనాలుంటే, గనుల గుత్తేదారు తనకు అనుకూలమైనదానిని ఎంచుకుంటాడు. ఒకే నిర్వచనం అందుకే అవసరమని, కొండ పాదం దాకా ఉన్న వాలు కూడా దానికింద రక్షణ పొందుతుందని కేంద్రం చెప్పింది. కాని నీళ్ళసీసా పాఠం నేర్చినవాడికి ఒక సందేహం కలుగుతుంది. నీరు రాతిలోకి దిగేది పగులు ఉన్నచోట. ఎత్తు ఉన్నచోట కాదు. 30 మీటర్ల గుట్ట అయినా, నేలకు సమంగా పరుచుకున్న బండ అయినా అదే రాయి, అదే పగులు. కోట్ల ఏళ్ళ కోతకు అరిగిపోయిన పర్వతాన్ని దాని ప్రస్తుతపు ఎత్తునుబట్టి గుర్తించడం, ముసలివానిని వంగిన నడుము కొలిచి పొట్టివాడని తీర్మానించడం వంటిది.

ఇదివరకటి అనుభవం కూడా మరువరానిది. 1992 మే నెలలో కేంద్రం అప్పటి గుర్‌గావ్, అల్వర్ జిల్లాల ఆరావళి ప్రాంతంలో తవ్వకాల మీద ఆంక్షలు పెట్టింది. 1994లో ఢిల్లీ రిడ్జిలో 7,777 హెక్టార్లను సంరక్షిత అరణ్యంగా ప్రాథమిక ప్రకటన చేశారు. తుది ప్రకటన దశాబ్దాల తరబడి నానింది. 2002లో సుప్రీంకోర్టు హర్యానా ఆరావళిలో తవ్వకాలను ఆపివేసింది. అయినా 2018లో అదే కోర్టు ముందుకు వచ్చిన నివేదిక ప్రకారం, రాజస్థాన్‌లో పరిశీలించిన 128 గుట్టలలో 31 మాయమైనవి. మనుషులు హనుమంతులై కొండలు ఎత్తుకుపోతున్నారా అని న్యాయమూర్తి విస్తుపోయారు. ఉత్తర్వులకు లోటు లేదు. ఉత్తర్వు అమలయినదా లేదా అని తన ఊరి కొండవంక చూచి చెప్పగల మనుషులకే లోటు.

అలా చూచే కన్ను ఒకటి ఉండబట్టే ఢిల్లీకి అశోకుని శాసనం దక్కింది. 1966లో శ్రీనివాస్‌పురి దగ్గర కాలనీ నిర్మాణం జరుగుతుండగా ఒక కాంట్రాక్టరు అక్కడి బండ మీద అక్షరాలున్నట్లు గమనించాడు. అది అశోకుని చిన్న శిలాశాసనమని తేలింది. రాయి ఈ ఆరావళి రాయే. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి శాసనాలు 1920ల చివర ఒక భూవిజ్ఞాని కంటపడినవి. రాయచూరు జిల్లా మస్కి శాసనాన్ని 1915లో కనిపెట్టినది బంగారు గనుల ఇంజనీరు. రాయిని చదవడానికి వెళ్ళినవారు చరిత్రను చదివి వచ్చారు.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగు దేశాన్ని తలచుకోక తప్పదు. ప్రపంచపు భూవిజ్ఞాన గ్రంథాలలో కడప పేరు ఒక శిలాసముదాయానికి పేరుగా నిలిచింది. ఢిల్లీలోని తెలుగువారి వంటింటి గట్ల మీద కూడా కడప రాయి కనిపిస్తుంది. కాని ఆ పేరు ఎందుకు అంత ప్రసిద్ధమో కడప బడిలోని పిల్లవానికి ఎవరు చెబుతున్నారు? తిరుమల కొండ దారిలో ప్రాచీనమైన గ్రానైటు మీద క్వార్ట్జైట్ పొర కూర్చున్న సంధి ఉన్నది. ఆ రెండింటి నడుమ సుమారు 80 కోట్ల సంవత్సరాల కాలం రాతిలో నమోదు కాకుండా పోయింది. గోవింద నామం పలుకుతూ దానిని దాటిపోయే భక్తులలో దానిని చూచేవారెందరు? 2025 సెప్టెంబరులో తిరుమల కొండలు, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. జాబితాలో చేరిన దిబ్బకు జాబితా కాపలా కాయదు. హైదరాబాదులో 1996లో ఏర్పడిన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ నగరపు గ్రానైటు గుట్టల మధ్య నడకలు నిర్వహిస్తూ వచ్చింది. ఆ నగరం పెరిగిన వేగానికి ఎన్నో బండలు కంకర అయిపోయినా, మిగిలినవాటికి పేర్లున్నాయంటే, ఆ పేర్లు పలికేవారున్నారంటే, అటువంటి నడకల పుణ్యమే.

ఈ నడకలకు లోపాలు లేకపోలేదు. ఢిల్లీలో ఆదివారం ఉదయం తీరిక ఉన్నవారే వస్తారు. వారిలో ఎక్కువమంది ఖరీదైన కాలనీలవారు. రిడ్జిని ఆనుకుని ఉన్న సంగం విహార్‌లో ట్యాంకరు నీళ్ళ కోసం బిందెలతో నిలబడే ఆడవారికి ఆ పాఠం మరింత అవసరం. ఆ సమయానికి వారు వరుసలో ఉంటారు. పాఠం ఇంగ్లీషులో మొదలై హిందీలో తడబడుతుంది. బడులలో భూవిజ్ఞానం భూగోళ శాస్త్రంలో నాలుగు పుటలకు మించదు. అది చెప్పే ఉపాధ్యాయునికి రాయిని గుర్తించడంలో శిక్షణ లేదు. విహారయాత్ర అంటే బస్సు, తినుబండారాలు, తిరుగు ప్రయాణం. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది. ప్రజాభిప్రాయమంటూ ఉండాలంటే ముందు ప్రజలకు ఆ విషయం తెలియవలె గదా!

ఖర్చు పెద్దది కాదు. ప్రతి జిల్లాలోను నాలుగు మంచి శిలాస్థలాలు ఎంచి, సమీపంలోని బడుల ఉపాధ్యాయులకు రెండు రోజులు అక్కడ శిక్షణ ఇచ్చి, ఏడాదికి ఒకసారి పిల్లలతో పాటు వారి తల్లిదండ్రులను కూడా తీసుకుపోతే చాలును. పలుగురాయి, నాపరాయి, మొరం, సుద్ద అన్న మాటలు మన పల్లెలలో ఎలాగూ ఉన్నవి. వాటినే పాఠ్యపుస్తకాలకు ఎక్కించవచ్చును. రాతిపనివారిని పిలిచి మాట్లాడించవచ్చును. దీనికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు.

సుప్రీంకోర్టు నియమించే నిపుణులు రేపో మాపో ఒక కొత్త నిర్వచనం ఇస్తారు. అది మెరుగైనదే అయినా కాగితం మీద ఉండేదే. కాగితం ప్రకారం నిలిచి ఉన్న కొండ, నేల మీద నిలిచి ఉన్నదా లేదా అన్నది తేల్చవలసినవారు దాని పక్కన కాపురమున్నవారు. వారు తేల్చగలిగే దాకా, ఈ దేశంలో కొండ ఎత్తును గుత్తేదారే కొలుస్తాడు. కొలిచిన తరువాత దానిని తగ్గిస్తాడు కూడా.